నడిమి ప్లేటు

గుడి కైంకర్యం చేసే ఇంట పుట్టిన గోదాదేవికి, తిరుపతిలో ఇద్దరూ తరచూ వెళ్లే ఏషియన్ హోటల్లో కూర్చున్నంతసేపూ చూపంతా స్నేహితురాలు ప్రసన్నకుమారి చాప్‌స్టిక్స్ మీదే. అక్కడ అన్నీ చిన్న ప్లేట్లు, నడుమ పెట్టుకుని ఇద్దరూ తినాల్సినవి. ప్రసన్న నోట్లోకి వెళ్లిన పుల్లలు మళ్లీ ప్లేటులోకి దిగేలోపే, "చల్లారబెట్టుకుంటా మే" అంటూ గోదాదేవి తన వాటా క్యాబేజీ మోమోలను చెంచాతో వేరుగా తీసేసుకుంటుంది. ఎంగిలి అన్న మాట ఏనాడూ పైకి అనలేదు. మొన్న ప్లేటు వచ్చినా ప్రసన్న పుల్లలు ముట్టలేదు.

"ముందు నువ్వు తీసుకో గోదా. నేను ముడితే ఎంగిలవుతాది గదా. ఆరేండ్లుగా సూస్తానే ఉండాను," అంది నవ్వుతూనే.

గోదాదేవి చెవులు వేడెక్కాయి. ఎత్తిన చెంచా దించి, ప్లేటును అటు నెట్టింది.

"నువ్వే ముందు తిను మే."

ప్రసన్న పుల్లలు ఎత్తలేదు. నడుమ మోమోల మీద ఆవిరి ఆరిపోయింది.