హోటల్లో ఉంటూ గుడ్లు కొన్న అత్తగారు

మొన్న ఆదివారం అరోరా నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. గొట్టంలో ఉమ్మేసి పోస్టులో పంపిస్తే మన పూర్వీకులెవరో చెప్పే కంపెనీలు వచ్చాయి కదా, అందులో దానికి ఎవరో తగిలారట. "మామ్, వేల్స్‌లో ఎవరో ఉంది. కజిన్ అని చూపిస్తోంది, గ్రాండ్‌మా సైడ్. మిస్టేక్ అయ్యుంటుందా?" అంటూ ఆ ఊరి పేరు చదివింది. అరవైకి దగ్గరపడ్డాక నాకు చేతిలో ఉన్న కళ్ళజోడే కనిపించడం లేదు గానీ, ఆ పేరు చెవిన పడగానే తడిసిన ఉన్ని వాసన మాత్రం గుప్పున ముక్కుకి కొట్టింది. మిస్టేక్ కాదని నాకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. "ఉండు, పొయ్యి కట్టేసి వస్తా" అన్నాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మా అత్తగారు అమెరికన్. పెన్సిల్వేనియాలో, మనం అఆలు దిద్దుకున్న పలకల రాయి తవ్వే ఊళ్ళో పుట్టి, అక్కడే టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ నాన్న కుర్రతనంలో వేల్స్ నుంచి ఆ క్వారీలో పనికొచ్చి, చర్చిలో పెద్దమనిషయ్యాడట. ఆదివారం భోజనానికి ముందు నిలబడి పాట ఎత్తుకుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగి వినేవారట. ఈ "అట"లు విని విని నాకు కంఠతా వచ్చేశాయి. డెబ్భై ఏడులో ఆవిడ కొడుకూ నేనూ పెళ్ళి చేసుకుంటామన్నప్పుడు ఆవిడ అరవలేదు, ఏడవలేదు. టీ కప్పు కింద పెట్టి, "మా వాళ్ళెవరో నాకు తెలుసు. ఈ అమ్మాయి వాళ్ళెవరో ఎవరికి తెలుసు?" అన్నారు. పెళ్ళికి రాలేదు. ఏడు తరాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పే ఇంటి పిల్లని నేను! జవాబు నోటిదాకా వచ్చింది, మా ఆయన కాలు తొక్కాడు. మింగానే తప్ప అది అరగలేదు. ఆ తర్వాత ఏడేళ్ళు ఆవిడని ఏ పిలుపుతోనూ పిలవకుండా నెట్టుకొచ్చాను. పేరు పెట్టి పిలవడానికి నోరు రాదు, అమ్మా అనడానికి మనసు రాదు. ఏం కావాలన్నా ఎదురుగా వెళ్ళి నిలబడి మొదలుపెట్టడమే.

ఎనభై నాలుగు వేసవిలో, నాన్న పుట్టిన ఊరు చూసి తీరాలని ఆవిడ పట్టుబట్టారు. మోకాళ్ళ నొప్పితో ఒంటరిగా వెళ్ళలేరు. మా ఆయనకి సెలవు దొరకలేదు. పిల్లని తను చూసుకుంటానని చెప్పి నన్ను పంపాడు, బోనులోకి తోసి బయట గడియ పెట్టినట్టు. హోటల్లో ఒకే గది, రెండు మంచాలు, మధ్యలో సరిహద్దు రాళ్ళలా మా సూట్‌కేసులు. ఊరంటే ఏముంది, ఏటవాలుగా ఒక వీధి, రేకుల కప్పుతో ఒక మార్కెట్ హాలు, సంత రోజున మనుషులకంటే గట్టిగా మాట్లాడే గొర్రెలు. మా అత్తగారు చర్చిలో కూర్చుని పాత రిజిస్టర్లు చూసేవారు. పాస్టరుగారు పేజీలన్నీ తనే తిప్పి చూపించేవాడు. మర్యాద అనుకున్నాను. నాన్న బాప్తిస్మం నమోదైన చోట వేలు పెట్టి ఆవిడ నావైపు చూసిన చూపుంది చూశారూ, "చూశావా, మా వాళ్ళు" అన్న చూపు! ఇక అక్కడ కూర్చుంటే ఏదో ఒకటి అనేస్తానని లేచి మార్కెట్‌కి వచ్చేశాను.

హాలు మూలన బల్ల వేసుకుని, వేళ్ళు తెగిన ఉన్ని గ్లవ్స్‌తో ఒక ముసలావిడ గుడ్లు అమ్ముతోంది. వయసు ఎనభై దాకా ఉంటుంది. మా అమ్మమ్మ తెనాలిలో రైలెక్కితే రేపల్లె వచ్చేలోగా ఎదుటి సీటావిడని పిన్ని చేసేసుకునేది. ఆ రక్తమే నాదీ. మీదీ ఊరేనా, ఎవరి ఇల్లు, పిల్లలెందరు అని మొదలుపెట్టాను. అమెరికాలో ఇలా అడిగితే పోలీసుల్ని పిలుస్తారు. ఈవిడ మాత్రం నాకంటే గట్టి పిండం. ఒక్కడే కొడుకని చెప్పి, "నువ్వెవరింటి కోడలివి?" అని తిరిగి నన్నే అడిగింది. అత్తగారి నాన్న ఇంటిపేరు చెబితే నవ్వేసింది. ఆ పేరు అక్కడ గుమ్మానికొకటి. మనుషుల్ని గుర్తుపట్టేది వాళ్ళ పొలం పేరుతోనట, అచ్చం మన ఊళ్ళలో లాగే. "వాగు పక్కన మిల్లు ఇల్లు వాళ్ళట. కుర్రతనంలోనే పెన్సిల్వేనియా వచ్చేశారట" అన్నాను. గుడ్డు తుడుస్తున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"అయితే మీ అత్త మా నాన్న కూతురే" అంది.

తను నెలల పిల్లగా ఉన్నప్పుడు నాన్న పడవెక్కాడట. అక్కడ ఇంకో పెళ్ళి చేసుకున్నాడని ఊరందరికీ తెలిశాక, ఆఖరున వాళ్ళమ్మకి తెలిసిందట. పాస్టరుగారు పేజీలన్నీ తనే ఎందుకు తిప్పాడో అప్పుడర్థమైంది. ఏడుపేమీ లేదు, గుడ్ల ధర చెప్పినట్టే చెప్పింది. ఒక్కటే అడిగింది: "ఆయన ఇంట్లో పాడేవాడా?" పాడేవాడన్నాను. అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

అప్పుడే హాలు గుమ్మంలో మా అత్తగారి గొడుగు కనబడింది. మావైపే వస్తున్నారు. మా వాళ్ళెవరో నాకు తెలుసు! ఏడేళ్ళు అరగని జవాబు పదును పెట్టుకుని నా నాలుక మీదకొచ్చి కూర్చుంది. ఒక్క వాక్యం చాలు, ఆవిడ జన్మలో మళ్ళీ తలెత్తరు. ముసలావిడ నా ముఖం చదివేసింది. "చెప్పకు తల్లీ. మంచి నాన్నని చూసుకోవడానికి సముద్రం దాటొచ్చింది. చూసుకోనీ" అంది. అత్తగారు ఎదురుగా వచ్చి నిలబడ్డారు. "ఈవిడ గుడ్లు అమ్ముతారు" అన్నాను, అక్కడికి అది కనబడనట్టు.

మా అత్తగారు ఆవిడని చాలాసేపు చూశారు. "అరడజను ఇవ్వండి" అన్నారు. ఆవిడ ఒక్కొక్క గుడ్డూ వెలుతురుకి పెట్టి చూసి, కాగితంలో చుట్టింది. అత్తగారు చేతి తొడుగులు తీసేసి, ఒట్టి చేతులతో అందుకున్నారు. హోటల్లో ఉన్నవాళ్ళకి గుడ్లెందుకో నాకర్థం కాలేదు. లండన్ దాకా రైల్లో వాటిని ఒళ్ళోనే పెట్టుకున్నారు. ఎయిర్‌పోర్టులో వదిలేయాల్సి వచ్చినప్పుడు ఆవిడ ముఖం చూసి, మతి తప్పుతోందనుకున్నాను.

ఎనభై ఎనిమిది చలికాలంలో, అదే ఆవిడ ఆఖరి చలికాలం, వాళ్ళ వంటింట్లో ఆవిడకి ఆమ్లెట్ వేస్తున్నాను. వెనకనుంచి అడిగారు: "హోటల్లో ఉన్న మనిషి గుడ్లెందుకు కొంటుందో ఎప్పుడైనా ఆలోచించావా?" నా చేతిలో గరిట ఆగిపోయింది. "మా నాన్న కళ్ళు ఆవిడవి. హాల్లో అడుగుపెట్టగానే చూశాను. నువ్వు అనేస్తావేమోనని వణికిపోయాను. నీ నోరు నాకు తెలియనిదా?"

"మరి మాట్లాడలేదేం?" అన్నాను.

"ఏమని మాట్లాడను? ఆవిడ నాన్నని నేను వాడేసుకున్నాననా? గుడ్లు అమ్ముతోంది, కొన్నాను." ఆ తర్వాత, "మాడుతోంది చూడు" అన్నారు. నా పెళ్ళప్పుడన్న మాట మాత్రం చివరిదాకా వెనక్కి తీసుకోలేదు. నేనూ అడగలేదు. ఆ మాడిన ఆమ్లెట్ ఇద్దరం చెరిసగం తిన్నాం.

లేని పొయ్యి కట్టేసి వచ్చి, అమ్మాయికి ఇదంతా చెప్పాను. "ఆ ముసలావిడ కొడుకు మీ నాన్నకి అన్న వరస. ఈ అమ్మాయి ఆయన కూతురై ఉంటుంది. నీకు అక్క."

"అంటే హాఫ్ సెకండ్ కజినా?"

"మనలో సగాలూ పావులూ లేవే. అక్క అంతే."

"ఓకే, అక్క. ఏం రాయను మరి?"

"ఇంకా కోళ్ళు పెంచుతున్నారా అని అడుగు" అన్నాను. ఆ ముసలి అక్కచెల్లెళ్ళిద్దరికీ కాలం ఇచ్చింది ఆరు గుడ్లు కాగితంలో చుట్టేంతసేపు. మిగిలిన పలకరింపులన్నీ ఇన్నేళ్ళు తన దగ్గరే పెట్టుకుని, ఇప్పుడు తీరిగ్గా మనవరాళ్ళ చేతికిస్తోంది.