సుగ్గి లారీ వచ్చేలోపల

పత్తి ఏరడం అయిపోగానే మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలు పడతాయి. ఆ ఇళ్లవాళ్లు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి వలసపోతారు. దాన్ని మావాళ్లు సుగ్గి అంటారు. మా ఊరు నందవరం దగ్గర. చిన్నప్పుడు అమ్మానాన్నలతో నేనూ పోయేదాన్ని. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో చేరాక మానేశాను. కోర్సు పూర్తయిన ఏడు, సరిగ్గా సుగ్గికి ముందు, ఆదోనిలో ఒక ప్రైవేటు ఆస్పత్రివాళ్లు ఇంటర్వ్యూకు పిలిచారు.

ఇంటర్వ్యూ బాగానే జరిగింది. రక్తం తీసి చూపించమన్నారు, తీశాను. మేనేజరు నా సర్టిఫికెట్లు తిరగేసి, "రెండు మూడు రోజుల్లో ఫోన్ చేస్తాం. వెంటనే చేరాల్సి ఉంటుంది, రెడీగా ఉండండి" అన్నాడు. ఆ చివరి మాట పట్టుకుని, పని వచ్చినట్టేనని బస్సులోనే అమ్మకు ఫోన్ చేసి చెప్పేశాను.

ఆయన చెప్పిన రోజులు దాటిపోయాయి. మా ఇంట్లో సిగ్నల్ సరిగా ఉండదు. అందుకని పొద్దస్తమానం వాకిట్లో నీళ్ల తొట్టి పక్కన కూర్చునేదాన్ని. స్నానానికి పోతే ఫోన్ అమ్మకిచ్చేదాన్ని. నేను వచ్చేదాకా అమ్మ దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడేది. ఒకసారి లోను కావాలా అని ఎవరో చేశారు. ఒకసారి మేనత్త చేసింది. ఆమెతో రెండు మాటలు మాట్లాడి పెట్టేసి, ఆ కాసేపట్లోనే ఆస్పత్రివాళ్లు చేసి ఉంటారేమోనని కుమిలిపోయాను. నేనే చేస్తే కౌంటర్లో అమ్మాయి, "సార్ బిజీగా ఉన్నారు, మేమే చేస్తాం" అనేది.

ఒక సాయంత్రం కూలీలను లారీలో తీసుకుపోయే మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు.

"పాప వస్తాదా, రాదా? లారీలో జాగా సూడల్ల గదా."

నాన్న నా వైపు చూడలేదు. "ఇంగ రెండు దినాలు ఆగన్నా. పాపకు ఆదోనిలో పని వచ్చేటట్టుండాది."

"మొన్న గూడ అదే సెప్తివి."

"మొన్నా అదే సెప్తి, ఈ పొద్దూ అదే సెప్తాండా. ఆగు."

నాన్న ఎవరితోనూ అంత గట్టిగా మాట్లాడే మనిషి కాదు.

మర్నాడు ఎమ్మిగనూరులో పనుందని చెప్పి బయలుదేరి, అక్కడ బస్సు మారి ఆదోని చేరాను. ల్యాబు కిటికీలోంచి చూస్తే తెల్లకోటు వేసుకున్న ఒకమ్మాయి రక్తం సీసాలకు పేర్లు అంటిస్తోంది. ఇంటర్వ్యూ రోజు బెంచీ మీద నా పక్కన కూర్చున్న అమ్మాయి. నన్ను చూసి నవ్వుతూ బయటికి వచ్చింది.

"అక్కా, నువ్వు గూడ చేరినావా?"

"లేదు. నువ్వెప్పుడు చేరినావు?"

"మరుసటి దినమే రమ్మనిరి." అంతలోనే ఆమె ముఖంలో నవ్వు పోయింది. "నీకు సెప్పలేదా అక్కా?"

నేను తొట్టి పక్కన కూర్చున్న మొదటి రోజుకే ఆ ఉద్యోగం లేదన్నమాట. రోగుల కుర్చీలో కూలబడ్డాను. పక్కనున్న ముసలామె, "ఏం పాపా, జొరమా?" అని అడిగింది. అవునన్నట్టు తలూపాను.

ఆ అమ్మాయే నీళ్లు తెచ్చిచ్చింది. మేనేజరు దగ్గరికి కూడా తీసుకుపోయింది. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

ఇంటికి వచ్చేసరికి నాన్న గడప మీద కూర్చుని ఉన్నాడు.

"నాయనా, మేస్త్రీకి సెప్పు. నేను గూడ వస్తాను."

నాన్న లేచి చెప్పులేసుకున్నాడు. "నేనే తొందరపడి ఊరందరికీ సెప్పుకుంటి" అన్నాడు.

లారీలో మూటల మధ్య అమ్మ పక్కన నాకూ జాగా దొరికింది. మరుసటి ఏడు ఎమ్మిగనూరులో ఒక చిన్న ల్యాబులో చేరాను, ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. కానీ ఆ ఏడు మిరపచేలో మొదటి రోజు మాత్రం మరిచిపోలేను. మధ్యాహ్నం దాకా బాగానే కోశాను. తర్వాత ఏడుపు ఆగలేదు. చెయ్యి కళ్ల దాకా పోయింది.

"ఆ సేతులతో తుడుసుకోవద్దు మే, కండ్లు మండుతాయి" అంటూ అమ్మ సాలు దాటి వచ్చింది. తన చేతులకూ కారమే. మోచేత్తో కొంగు పైకెత్తి నా ముఖానికి అదిమి పట్టుకుంది.