లోపలికి అన్నాను

ఆ దీవిలో ఉదయం ఆరున్నరకు దిగాను. అండమాన్‌లో చిన్న బేస్. ఒక రన్‌వే, రెండు హ్యాంగర్లు, రేకుల మెస్. రన్‌వేకు రెండు చివరలా సముద్రమే. నేను విమాన మెకానిక్‌ని. బందరు దగ్గర చేపల వేట చేసుకునే ఇంట్లో పుట్టాను. మొదటి రోజే ఒక పైలట్ నా చొక్కా మీది పేరు చదివి తెలుగులో పలకరించారు.

"ఎక్కడయ్యా మనది?"

"బందరండి."

"నాది ఉయ్యూరు. నీ దగ్గర చేపలు, నా దగ్గర చెరకు. మరి బియ్యం ఎవడు తెస్తాడు?"

ఆ తర్వాత పద్నాలుగు నెలలూ నన్ను పేరు పెట్టి పిలవలేదు. బందరూ అనేవారు. విమానంలో తెలుగు మాట్లాడకూడదని రూలు ఉంది. మేమిద్దరం పట్టించుకోలేదు.

మరమ్మతు పూర్తయిన ఒక చిన్న రెండింజిన్ల విమానాన్ని మన తీరం నుంచి దీవికి తేవాలని ఆర్డరు వచ్చింది. దాదాపు నాలుగు గంటల ప్రయాణం, అంతా నీళ్ళ మీదే. ముగ్గురం. ఆయన నడిపారు, పక్కన నేను. వెనక కుడివైపు సీట్లో రేడియో మనిషి, కేరళవాడు. ఏడుంబావుకు ఎగిరాం.

తొమ్మిదీ యాభైకి ఎడమ ఇంజిన్‌లో ఆయిల్ ప్రెషర్ పడిపోయింది. ఆపేశాం. కుడి ఇంజిన్ వేడెక్కింది. స్పేర్ల పెట్టెలు తలుపులోంచి తోసేశాం. అయినా కిందికి దిగిపోతూనే ఉన్నాం. రేడియో మనిషి మేమున్న చోటు మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి జవాబు వచ్చింది.

"ఏమయ్యా బందరూ, సముద్రం మీది గదా, ఎటు దించమంటావ్?"

కిందికి చూశాను. పెద్ద కెరటాలు వరసలుగా కదులుతున్నాయి. గాలి కూడా వాటితోపాటే అటే కొడుతోంది. గాలికి ఎదురు దించడమే ఆయన చదువుకున్నది.

"గాలి సంగతి వదిలెయ్యండి సార్. కెరటాలకు ఎదురెళ్తే ముక్కలవుతాం. వరసల మధ్యన, వాటి వెంటే దించండి."

"తేడా వస్తే నీ సంగతి చెప్తా."

పదీ ఇరవైఒకటికి నీళ్ళను తాకాం. తోక తగిలింది, ఎగిరింది, రెండోసారి ముక్కు మునిగింది. ముక్కలు కాలేదు. నడుం లోతు నీళ్ళు వచ్చాయి. రేడియో మనిషి తన పక్కనున్న కిటికీ తోసుకుని, రబ్బరు తెప్పతో కుడివైపు దూకేశాడు. తోక అవతలికి పోయాడు. పైలట్ నన్ను ఎడమ తలుపు దాకా నెట్టుకొచ్చి "నువ్వు పద" అన్నారు. దూకాను. ఆయన తలుపులో నిలబడి లైఫ్ జాకెట్‌లోకి గాలి నింపుకున్నారు.

అప్పుడు తోక లేచింది. దూకకపోతే ఆయన విమానంతోపాటే మునిగిపోతారు. నేను అరిచాను.

"లోపలికి సార్, లోపలికి!"

మా తీరంలో లోపలికి అంటే సముద్రంలోకి. పడవను నెట్టేటప్పుడు, కెరటం విరిగేచోట నిలబడ్డవాణ్ణి ముందుకు దూకమనడానికి అదే మాట అరుస్తాం. నా నోటికి వేరే మాట రాలేదు.

"లోపలా?" అన్నారాయన.

"ఆఁ, లోపలికే!"

ఉయ్యూరులో లోపలంటే లోపలే. రేడియో మనిషి దూకడం ఆయన చూడలేదు. గాలి నిండిన జాకెట్‌తో లోపలికి వెళితే పైకప్పుకు అంటుకుపోతారు. అది తెలుసు కాబట్టి గాలి గొట్టం చివరి వాల్వును బొటనవేలితో నొక్కి, రెండో చేత్తో జాకెట్‌ను ఛాతీకి అదిమి, గాలంతా వదిలారు. తొందరపడలేదు. వెనక్కి తిరిగి లోపలికి వెళ్ళారు. నిమిషంలోపే విమానం మునిగిపోయింది.

గస్తీ ఓడ సాయంత్రం నాలుగుంబావుకు మా ఇద్దరినీ ఎక్కించుకుంది.

విచారణ కమిటీ ముసాయిదాలో ఒక వాక్యం ఉంది: బయటపడిన పైలట్ తడబడి తిరిగి విమానంలోకి వెళ్ళాడు. నన్ను సంతకం పెట్టమన్నారు. పెట్టనన్నాను. ఆయన తడబడలేదు, నేను అరిచిన మాటను తన ఊరి మాటగా విన్నారు, అది రాయండన్నాను. అట్లా రాస్తే తప్పు నీ మీదికి వస్తుందని అధికారి చెప్పాడు. రానివ్వండి అన్నాను. రూలుకు విరుద్ధంగా తెలుగు మాట్లాడినట్టు కూడా అవుతుందన్నాడు. మాట్లాడాం అన్నాను. తడబడేవాడు జాకెట్‌లో గాలి తీసి వెళ్తాడా అని అడిగాను. మూడు రోజులు పిలిచారు. మూడు రోజులూ అదే చెప్పాను. నాలుగో రోజు ఆ మాట కొట్టేశారు. నా సర్వీసు రికార్డులో ఒక మందలింపు చేరింది. దాన్ని తీసెయ్యమని నేను ఎప్పుడూ అడగలేదు.

నా సర్వీసు గడువు ముగిశాక విజయవాడలో రైలు దిగి, ఇంటికి వెళ్ళకుండా ఉయ్యూరు బస్సెక్కాను. ఫ్యాక్టరీ ముందు చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. ఆయన తండ్రి అరుగు మీద కూర్చుని ఉన్నారు.

"మావాడు బెదిరిపోయాడని రాశారంట గదా?"

"రాశారండీ. కొట్టేయించాను."

జరిగింది మొత్తం చెప్పాను.

"మీకు లోపలంటే సముద్రమా?"

"అవునండీ."

"మాకు ఇల్లు. నువ్వు అట్టా అరవకపోతే వచ్చేవాడేగా."

"వచ్చేవారండీ."

"ఆ మాట నా మొహం మీద చెప్పటానికి ఇంతదూరం వచ్చావు."

"అందుకే వచ్చానండీ."

"సరే. కాళ్ళు కడుక్కో. అన్నం తిని పోదువుగాని."

ఇప్పుడు విజయవాడలో తెలిసినవాళ్ళు ఇదంతా విధి అంటారు. అనొద్దని చెబుతాను. ఇంజిన్ ఆగడానికి కారణం ఉంది. ఆయన వెళ్ళడానికీ కారణం ఉంది, అది నా మాట. అంతా విధి మీద తోసేస్తే ఆయన చేసిన పని కూడా విధి ఖాతాలోకే పోతుంది. అందుకు నేను ఒప్పుకోను.

ఆ రోజు ఆయన లోపలికి వెళ్ళాక విమానం కిటికీ ఒకటి నాకు ఎదురుగా వచ్చింది. అద్దం వెనక ఆయన చెయ్యి కనిపించింది. ముందు సీటు వీపు తడిమింది. దాని వెనక సీటు తడిమింది. రేడియో మనిషి సీటు దగ్గర ఆగింది. అది ఖాళీ అని తెలిశాక, దాని కింద వెతకడానికి వంగింది.