మా అవ్వ మత్తు మందు

మాది కొడకండ్ల. అమ్మను మేము అవ్వ అనే పిలుస్తాం. రొమ్ములో మొదలైన క్యాన్సర్ ఆమె వెన్నెముక దాకా పాకింది. ఇక నయం కాదని జనగామ దవాఖానలో డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నొప్పి మాత్రం తగ్గించవచ్చని మార్ఫిన్ బిళ్లలు ఇచ్చింది. అవి వేసుకున్నాక అవ్వ మంచం మీద లేచి కూర్చుంది, జొన్న గట్క అడిగింది.

ఒకసారి దవాఖానలో బిళ్లలు అయిపోయి, బయట కొనుక్కోమని చీటీ రాశారు. మందుల షాపతను ఆ చీటీని పామును చూసినట్టు చూశాడు. మన దగ్గర తయారైన నొప్పి బిళ్లలు ఓడలెక్కి పరదేశాలకు పోతున్నాయట, ఎక్కడెక్కడో పిల్లలు వాటి మత్తుకు బలైపోతున్నారట, టీవీలో చూపించారట. మత్తు మందు జోలికి రానన్నాడు.

ఆ పిల్లల చావులు నిజమే, వాళ్ల తల్లుల ఏడుపూ నిజమే. కానీ ఓడలెక్కేవి ఎక్కుతూనే ఉన్నాయి, తాళం మాత్రం మా అవ్వ బిళ్లలకు పడింది. కడుపు కోసేటప్పుడు ఇచ్చేదీ మత్తు మందే, పోలీసులు పట్టుకునేదీ మత్తు మందే. రెంటికీ ఒకటే పేరున్న పాపానికి మా అవ్వ గిలగిల కొట్టుకోవాలా? నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ జనగామ పోయి, బిళ్లలు ఇస్తే గాని కదలనని డాక్టరమ్మ గది ముందు బైఠాయించాను. సాయంత్రానికి వరంగల్ నుంచి తెప్పించారు.

ఆదివారం మానుకోట నుంచి మేనమామ వచ్చాడు, అవ్వకు సొంత తమ్ముడు. మత్తు గురించి నాకు బుద్ధి చెప్పడానికి కూర్చున్న మనిషి నోరు గుప్పుమని కల్లు వాసన కొడుతోంది.

"గా మత్తు మందు బంద్ చెయ్యి బిడ్డా. అలవాటైతది" అన్నాడు.

"కానియ్యి మామా. అలవాటయ్యేదాంక అవ్వ బతికుంటే నాకదే సాలు" అన్నాను.

గోడకు ఆనుకుని కూర్చున్న అవ్వ అంతా వింటూనే ఉంది.

"తమ్మీ, మత్తెక్కితే ఎట్లుంటదో నీకెరుకే. నాకేం ఎక్కలే. నొప్పి దిగింది, గంతే" అంది. తర్వాత నా వైపు తిరిగి, "యాళ్లయింది, బిళ్ల తే" అంది.

మామ చూస్తుండగానే బిళ్ల తెచ్చి ఆమె చేతిలో పెట్టాను.