మూడు గొట్టాల రివాల్వర్

వర్నా హాక్‌కి అరవై మూడేళ్లు. బొగ్గు గనుల యంత్రాలు బాగుచేసే షాపులో ముప్పై ఒక్క ఏళ్లు ఇనుము చెక్కే లేత్ ముందు నిలబడి పనిచేసింది. ఇనుములో వెంట్రుకవాసి తేడా ఉన్నా ఆమె వేలికి తెలిసిపోయేది. రిటైరయ్యాక ఆమెకి మిగిలినవి కీళ్లనొప్పులు, వెస్ట్ వర్జీనియా కొండల్లో పదెకరాల అడవి, ఆ అడవి నిండా ఉడతలు. ఆకులు రాలే కాలంలో ఉడతల్ని కొట్టి, చిక్కటి గ్రేవీలో ఉడికించుకు తినకపోతే ఆమెకి ఏడాది గడిచినట్టే ఉండదు. ఇప్పుడు రైఫిల్ ఎత్తితే భుజం పట్టేస్తోంది. అందుకని పాయింట్ ఇరవైరెండు సైజు చిన్న తూటాలు పేల్చే పాత రివాల్వర్ ఒకటి చూసుకోవాలనుకుంది. మామూలుది కాదు, గొట్టం విప్పి మార్చుకునే రకం. ఉడతల మీదికి పొడుగు గొట్టం, కంచె వెంట తిరిగేటప్పుడు నడుముకి పొట్టిది.

అక్టోబరులో ఒక శనివారం ఫైర్ స్టేషన్ హాల్లో తుపాకుల సంత పెట్టారు. లోపల తుపాకీ నూనె, ఉడికించిన సాసేజీల వాసన కలిసిపోయి ఉంది. మూడో వరసలో రాయిస్ టకెట్ అనే వ్యాపారి బల్ల మీద ఆమె వెతుకుతున్నది కనిపించింది. చెక్కపెట్టెలో రివాల్వర్, పక్కన ఎవరో ఓపిగ్గా తొలిచి గుడ్డ పరిచిన గుంటల్లో మూడు గొట్టాలు.

టకెట్ బుగ్గన పొగాకు ఉంది. కాగితం కప్పులో ఉమ్మి, మూతి తుడుచుకున్న వేళ్లతోనే రివాల్వర్ పైకి తీశాడు.

"రా బంగారం! మీ ఆయనకా? నీకైతే అదిగో, గులాబీ రంగుది ఉంది."

"మా ఆయన పోయి పదకొండేళ్లయింది. నేను నీ బంగారాన్ని కాను. అదిలా ఇవ్వు."

ఇవ్వకుండా దాన్ని గాల్లోకి పెట్టి ట్రిగ్గర్ నొక్కుతూ పోయాడు. టిక్, టిక్, టిక్.

"ఆపవయ్యా బాబూ!"

"ఏమైంది? ఖాళీదేగా."

"ఖాళీది కాబట్టే ఆపమంటున్నా. ఇది అంచు మీద కొడితే పేలే తూటాలది. తూటా లేకపోతే దాన్ని కొట్టాల్సిన పిన్ను వెళ్లి తూటాల చక్రం అంచునే కొడుతుంది. పొద్దుట్నుంచి ఎంతమందికి ఇలా ఆడించి చూపించావ్?"

"వచ్చినవాళ్లందరికీ," అన్నాడు గొప్పగా.

వర్నా కళ్లజోడు పెట్టుకుని చూసింది. తూటాలు పెట్టే ఆరు రంధ్రాల అంచునా ఆరు సొట్టలు. గొట్టాన్ని బిగించే నట్టుని పట్టకారుతో కుక్క ఎముక కొరికినట్టు కొరికారు. పొట్టి గొట్టం మీది తుప్పు కనపడకుండా నల్లరంగు పూశారు. షాపు రోజుల్నుంచీ హ్యాండ్‌బ్యాగులోనే ఉండే పల్చటి కొలత రేకు తీసి గొట్టానికీ చక్రానికీ మధ్య పెట్టి చూస్తే, రేకు దూరిపోయి ఇంకా ఖాళీ మిగిలింది. ఈ సందుతో పేలిస్తే కరిగిన సీసం తుంపరలై పక్కవాడి మొహాన పడుతుంది. మంచి పనిముట్టుని ఇలా చెరిచినవాణ్ణి చూస్తే ఆమెకి కంపరం పుట్టింది. ఒక్కో లోపమే చూపించి ధర నాలుగు వందల డాలర్లకి దించింది.

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టుంది నా బతుకు," అని నిట్టూర్చి, అంతలోనే ఇకిలించాడు టకెట్. "పోనీలే, నాకు ఉత్తినే వచ్చిందిగా! కూన్ హాలో లోయలో ఓ ముసల్దాని మొగుడు పోయాడు. గొట్టాలు మార్చే తుపాకీ ఇంట్లో ఉంటే జైలేనమ్మా అన్నా. వణికిపోయింది! డబ్బులొద్దు నాయనా, ముందు పట్టుకుపో అంది. పైగా మొక్కజొన్న రొట్టె పెట్టింది!"

పక్క బల్ల దగ్గరి మగవాళ్లిద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. వర్నా నవ్వలేదు. బ్యాగులో పెన్ను కోసం వెతుక్కుంది. తుపాకీ కొనేవాళ్ల ఫారం నింపి, ఆమె మీద కేసులేవీ లేవని టకెట్ ఫోన్లో కనుక్కున్నాక, డబ్బిచ్చి పెట్టె చంకన పెట్టుకుంది.

ట్రక్కులో కూర్చుని పెట్టె తెరిస్తే మూతకి లోపల ఒక కార్డు అంటించి ఉంది. ఏ గొట్టానికి గురి ఎక్కడ పెట్టాలో చిన్న చిన్న అక్షరాలతో రాసి, కింద 'ఎల్డన్ స్ప్రాగ్, కూన్ హాలో రోడ్డు' అని సంతకం. ఇంత శ్రద్ధగా రాసుకున్న మనిషి భార్యనా ఆ వెధవ వణికించింది! అది వింటూ తను పెన్ను కోసం వెతుక్కుంది. వర్నాకి తన మీద తనకే రోత పుట్టింది. ట్రక్కు అటే తిప్పింది.

లెటీషా స్ప్రాగ్‌కి ఎనభై దాటి ఉంటాయి. వర్నా చేతిలో పెట్టె చూడగానే తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

"పోలీసులు పంపించారా తల్లీ?"

"లేదమ్మా. జైలూ లేదు, ఏమీ లేదు. వాడు చెప్పింది పచ్చి అబద్ధం. మీ ఆయనదాన్ని మీరు దర్జాగా ఉంచుకోవచ్చు."

ముసలామె తలుపు వదిలి బయటికొచ్చింది. వర్నాని పెరట్లోని బంగాళాదుంపల మడి దగ్గరికి తీసుకెళ్లింది. గొట్టం బిగించే అసలు రెంచీ, కొలత రేకూ అలమారలో మిగిలిపోయాయట. అవి దొరికితే పోలీసులు తనని పట్టుకుపోతారని కాఫీ డబ్బాలో పెట్టి పాతేసిందట. మూడు వారాలుగా కారు చప్పుడైతే చాలు, దీపం ఆర్పేస్తోందట. వర్నా మోకాళ్ల మీద కూర్చుని మట్టి తవ్వుతూ చెప్పింది.

"వాడు నా ముందే ఇదంతా చెప్పి నవ్వాడమ్మా. నేను నోరు మూసుకుని ఫారం నింపాను."

"ఎందుకలా?"

"తుపాకీ కావాలనిపించింది. ధర దిగింది."

లెటీషా ఆమెని తేరిపార చూసింది. "నిజమైతే చెప్పావు," అంది చివరికి.

మర్నాడు, ఆదివారం కూడా సంత ఉండడంతో, ఇద్దరూ కలిసి వెళ్లారు. చర్చికి వేసుకునే నీలం గౌనులో వచ్చింది లెటీషా. వర్నా టకెట్ బల్ల ముందు నిలబడి, లేత్‌ల రొదలో అరిచి అలవాటైన గొంతు ఎత్తింది.

"రాయిస్! ఈవిణ్ణి గుర్తుపట్టావా? జైలన్నావుగా, తయారై వచ్చింది. పట్టుకెళ్లు!"

హాలంతా ఇటు తిరిగింది. టకెట్ కప్పులో ఉమ్మి, "ఏదో సరదాకన్నానమ్మా," అని నసిగాడు.

"ఆయన్ని పాతిపెట్టిన వారానికి వచ్చావు నువ్వు," అంది లెటీషా. "చలిగా ఉందంటే పొయ్యి దగ్గర కూచోబెట్టా. రెండో ముక్క కూడా అడిగి తిన్నావు."

హాలు పెద్ద అయిన ఫైర్ కెప్టెన్ వచ్చి ఒక్కటే మాటన్నాడు. "తుపాకీ డబ్బు ఈ పెద్దావిడకిచ్చేసి బల్ల సర్దుకో." టకెట్ నాలుగు వందలూ విసిరాడు. ఒక నోటు కప్పుకి తగిలి పొగాకు ఉమ్మిలో తడిసింది. లెటీషా చేత్తో ముట్టలేదు, పర్సు నోరు తెరిచి పట్టుకుంది. వర్నా ఆ నోటు తుడిచి అందులో పడేసింది. నిన్న పొట్ట పట్టుకు నవ్విన ఇద్దరూ అందరికంటే ముందు "ఛీ, సిగ్గులేని జన్మ" అన్నారు. వాళ్ల మొహాలు చూసినప్పుడు వర్నాకి టకెట్‌ని చూసినదానికంటే ఎక్కువ వెగటేసింది.

రివాల్వర్ తిరిగిచ్చేస్తానంటే లెటీషా ఒప్పుకోలేదు. "నలభై ఏళ్లు శనివారం శనివారం ఆ టపటపలు విన్నా. చాలు తల్లీ. ఉడతలు పడితే మాత్రం రెండు తెచ్చిపెట్టు."

వర్నా వారం రోజులు కూర్చుని ఆరు సొట్టలూ సరిచేసింది, పాత షాపులో కొత్త నట్టు లేత్ మీద తీయించింది, మడిలో తవ్విన రెంచీ, రేకులతో సందు సరిగ్గా బిగించింది. నవంబరులో పొడుగు గొట్టంతో కొట్టిన మొదటి రెండు ఉడతల్నీ చర్మం ఒలిచి తీసుకెళ్లింది. లెటీషా వండింది. రివాల్వర్ ఎలా ఉందని అడిగింది.

"గురి తప్పదమ్మా," అంది వర్నా, "కానీ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా సంతలో విన్న ఆ నవ్వే వినిపిస్తుంది."

లెటీషా ఇంకో గరిటె గ్రేవీ వడ్డించింది.