కోరుట్ల బస్సులో ఇంగ్లిష్ పరీక్ష

కోరుట్లలో జగిత్యాల బస్సెక్కినప్పుడు నా ఒళ్లో ఇంగ్లిష్ పుస్తకం ఉంది. ఓపెన్ స్కూల్ పదో తరగతిలో ఆ ఒక్క పరీక్షే రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే చదువు మానేస్తానని ఇంట్లో మాటిచ్చి బయలుదేరాను.

నేను బీడీలు చుడుతూ బట్టీ పట్టినదాన్ని. వేళ్లు ఆడుతుంటేనే ఐ, మీ, మై అని వరుసగా వస్తాయి. మధ్యలో 'ఆయనకు' అని రాయాల్సివస్తే మళ్లీ మొదటి నుంచి అందుకోవాలి. పరీక్షలో అంత సమయం ఎక్కడిది?

పక్కన కూర్చున్న ఆమె నా వేళ్లనే చూస్తోంది.

"ఏందక్కా, ఉత్త చేతులతోని బీడీలు చేస్తున్నవ్?"

సిగ్గుపడుతూనే సంగతంతా చెప్పాను. ఆమె నవ్వలేదు. నా రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"గిప్పుడు చెప్పు. ఆయనకు ఇచ్చిన అనాలె. ఆయనకు అంటే ఏంది?"

జగిత్యాల దగ్గర పడుతోంది. చేతులు విడిపించుకోబోయాను. ఆమె వదల్లేదు.

"హిమ్," అన్నాను.

"ఆమెకు?"

"హర్."

"మాకు?"

"అస్."

బస్టాండు వచ్చేదాకా అట్లా అడుగుతూనే ఉంది. దిగబోతుంటే ఆపాను.

"అన్ని సరిగ్గనే చెప్పిన్నా?"

"నాకేమెరుక అక్కా? నాకు తెలుగక్షరాలే రావు. నీ వేళ్లు ఆడకున్నా నోరు ఆడింది, గదే సూసిన," అని సంచీ చంకన పెట్టుకుని దిగిపోయింది.

ఆ ఏడు ఇంగ్లిష్ పాసయ్యాను. మార్కుల మెమో ఆమెకు చదివి వినిపించాలని ఉంటుంది. ఏ ఊరని కూడా అడగలేదు.