మెసేజ్ పెట్టు నాన్నా

మా నాన్న బస్సు కండక్టరు. ఇరవై రెండేళ్ళు ఒకే రూట్లో తిరిగాడు. తలుపు దగ్గర నిలబడి ఒక్క కేక పెడితే చివరి సీట్లో గుర్రుపెట్టి నిద్రపోతున్నవాడు కూడా తన స్టాపు వచ్చేసిందని ఉలిక్కిపడి లేచేవాడు. ఇంట్లోనూ అదే గొంతు. ఉప్పు అందించమని అడిగితే పక్కింటివాళ్ళు పట్టుకొస్తారేమో అన్నట్టుండేది. "కాస్త మెల్లిగా మాట్లాడండి, ఇది బస్సు కాదు," అని అమ్మ రోజూ విసుక్కునేది. ఆ మాట అన్నందుకు తర్వాత చాలా ఏడ్చింది కానీ, అప్పట్లో మేమిద్దరం చెవులు మూసుకున్నవాళ్ళమే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు నాన్నకు గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేసి గడ్డతో పాటు స్వరపేటికను కూడా తీసేశారు. మెడ ముందు చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ, ఊపిరంతా అందులోంచే. మనిషి దక్కాడు, మాట పోయింది. రాసి చూపించమని ఆస్పత్రివాళ్ళు ఒక పలక ఇచ్చారు. నాన్నకు రాయడమంటే మహా చిరాకు. పలకను అటక మీద పడేసి, శబ్దం లేకుండానే పెదవులు కదుపుతూ మాట్లాడటం మొదలుపెట్టాడు.

అమ్మకు ఓపిక తక్కువ. నాన్న వాక్యం పూర్తిచేసేలోపే ఊహించేసేది. "తలనొప్పా? కాఫీయా? ఫ్యాను వెయ్యమంటారా?" అని వరసపెట్టి అడుగుతుంటే ఆయన చేతులెత్తేసి నా వైపు తిరిగేవాడు. నేను ఆయన మొహంలోకి తేరిపార చూసి, "కిటికీ మూయమంటున్నాడమ్మా," అనేదాన్ని. అలా నాకు పట్టుబడింది. ఎలా అంటే చెప్పలేను. పిల్లలకు మాటలు ఎలా వస్తాయో అలాగే వచ్చింది.

ఒకరోజు మాత్రం, "మీసం అడ్డొస్తోంది నాన్నా, పై పెదవి కనపడటం లేదు," అన్నాను. నాన్న మీసం ఆషామాషీ మీసం కాదు. దాన్ని చూసి టికెట్ లేనివాళ్ళు తమంతట తామే దిగిపోయేవాళ్ళని డిపోలో చెప్పుకునేవారు. నాన్న ఒక్క క్షణం ఆలోచించి, లేచి అద్దం దగ్గరికి వెళ్ళి శుభ్రంగా గీసేసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఇప్పుడు కనపడుతోందా అని అడిగాడు. కనపడింది. అమ్మ వంటగదిలోంచి వచ్చి, ఎవరో అనుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

ఇంట్లో మాకు ఒక పద్ధతి ఏర్పడింది. నాన్న భోజనాల బల్ల మీద వేలితో రెండుసార్లు కొడితే, నా మొహం చూడండి అని. ఎవరేం చేస్తున్నా ఆపి తలెత్తాలి. దీపం ఆయన మొహం మీద పడేలా కుర్చీ జరిపాం. నాన్నతో మాట్లాడుతూ జడ వేసుకోవడం కుదరదు, హోంవర్కు చేసుకోవడం కుదరదు, గిన్నెలు కడగడం కుదరదు. చూస్తేనే వినపడేది. కనురెప్ప వేస్తే ఒక మాట పోతుంది.

కేకలు వెయ్యలేని కండక్టర్ని డిపోవాళ్ళు ఏం చేస్తారు? బస్సుల్లో మర్చిపోయిన సామాన్లు దాచే గదిలో కూర్చోబెట్టారు. నాన్న ప్రతి వస్తువుకీ చీటీ కట్టేవాడు: బస్సు నంబరు, సీటు, తేదీ. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు. బడి వదలగానే నేను తిన్నగా అక్కడికే వెళ్ళేదాన్ని. ఎవరైనా వస్తే నాన్న పెదవులు కదిపేవాడు, నేను పైకి చెప్పేదాన్ని. ఒకాయన నల్ల గొడుగు పోయిందని వచ్చాడు. మా దగ్గర నలభై నల్ల గొడుగులున్నాయి. గుర్తేమిటండీ అంటే, నల్లగా ఉంటుందన్నాడు. నాన్న మొహం ఏమాత్రం మారకుండా, "పేరు పెట్టి పిలవమను, ఏది పలికితే అది ఇచ్చేద్దాం," అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆయన నొచ్చుకుని, ఈ పిల్లకి మర్యాద నేర్పండి అని నాన్నకే ఫిర్యాదు చేశాడు. నాన్న చాలా గంభీరంగా తలూపాడు.

ఇలాంటివి ఎన్నో. నాన్న వేసిన జోకులన్నీ ప్రపంచంలో నేనొక్కదాన్నే విన్నాను. రోడ్డుకి ఆ పక్క ఆయన, ఈ పక్క బస్సులో అద్దం వెనక నేను ఉన్నా మాట్లాడుకునేవాళ్ళం. గొంతున్న తండ్రులకు అది చేతకాదు. నా స్నేహితురాళ్ళు కుళ్ళుకునేవాళ్ళు.

పెద్దయ్యాక నాకొక ఉద్యోగం దొరికింది. పార్సిళ్ళు అందనివాళ్ళు కంప్యూటర్లో చాట్‌కి వస్తే వాళ్ళకు జవాబులు టైపు చెయ్యడం. ఒకేసారి ఐదుగురితో. 'మీ ఇబ్బంది మాకు అర్థమైంది' అన్న వాక్యం రోజుకు వందసార్లు పంపేదాన్ని. ఇంటికొచ్చాక కంప్యూటరు వదిలి ఫోను పట్టుకునేదాన్ని. అందులో ఏం చూసేదాన్నని అడిగితే ఒక్కటీ గుర్తు లేదు. ఎవరో ఇల్లు సర్దుకుంటుంటే చూశాను, ఎవరి పిల్లో డాన్సు చేస్తుంటే చూశాను.

నాన్న రిటైరైన రోజు ఆయనకు మంచి ఫోను కొనిచ్చాను. పెద్ద అక్షరాలు పెట్టి, మెసేజ్ ఎలా పంపాలో నేర్పాను. ఆయనకు మేలు చేస్తున్నాననే అనుకున్నాను, ఒట్టు. మొదటి మెసేజ్ పక్క కుర్చీలోంచే పంపాడు: 'బాగున్నావా.' ముగ్గురం నవ్వుకున్నాం. అక్కడితో ఆగితే బాగుండేది.

బల్ల మీద రెండుసార్లు చప్పుడయ్యేది. "ఒక్క నిమిషం నాన్నా," అనేదాన్ని. మళ్ళీ రెండుసార్లు. అప్పుడు తలెత్తకుండానే, "మెసేజ్ పెట్టు నాన్నా, చూస్తాను," అనేదాన్ని. ఎదురుగా కూర్చున్న మనిషితో! ఆయన కళ్ళజోడు వెతుక్కుని, ఒక్క వేలితో అక్షరం అక్షరం వెతుక్కుంటూ కొట్టేవాడు. అది వచ్చేసరికి నా భోజనం అయిపోయేది. చూస్తే, 'ఏం లేదు. తిను.' అని ఉండేది. దానికి నేను బొటనవేలి బొమ్మ పంపేదాన్ని. కొన్నాళ్ళకు బల్ల మీద చప్పుడు వినపడటం మానేసింది. ఎప్పుడు మానేసిందో చెప్పలేను.

ఒకరోజు బజారులో, నాన్నతో కలిసి పనిచేసిన డ్రైవరు కనపడ్డాడు. "మీ నాన్న మళ్ళీ పాత అవతారంలోకి వచ్చేశాడేంటమ్మా! ఆ మీసం చూసి ఎంత సంతోషమేసిందో!" అన్నాడు. నాకేమీ అర్థం కాలేదు. "అవునంకుల్," అని నవ్వేసి ఇంటికొచ్చాను. నాన్న కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. మీసం తెల్లగా, ఒత్తుగా, పై పెదవిని పూర్తిగా కప్పేసి ఉంది. అది నిన్నా మొన్నా మొలిచిన మీసం కాదు. వంటగదిలోకి వెళ్ళి అమ్మను అడిగాను.

"మూడు నెలలైంది. నీకు చెప్పానుగా. ఊఁ అన్నావు," అంది అమ్మ.

సిగ్గేసింది. ఆ సిగ్గుతో వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చోవాలా వద్దా? కూర్చోలేదు. నా గదిలోంచి మెసేజ్ పెట్టాను: 'మీసం ఎందుకు పెంచావు?' కాసేపటికి జవాబొచ్చింది: 'ఎవరికి అడ్డం?' నేను, నా చేతులు పడిపోను, దానికి నవ్వుతున్న బొమ్మ పంపాను.

ఆ తర్వాత రెండు నెలలకు నాన్న స్నానాలగదిలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది, కుడి మణికట్టు విరిగింది. కుడిచేతికి కట్టు, ఎడమచేతికి సెలైను సూది, కదపకుండా కింద చెక్క. ఆస్పత్రిలో పడుకోబెట్టిన నాలుగో రోజుకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది. ఫోను పట్టుకునే చెయ్యి ఒక్కటీ లేదు.

ఆ మధ్యాహ్నం అమ్మ స్నానానికని ఇంటికి వెళ్ళింది. నాన్న మెలకువగా ఉన్నాడు. నన్నే చూస్తున్నాడు. మీసం కింద పెదవులు కదులుతున్నాయి. ఏదో చెప్పాలని తాపత్రయపడుతున్నాడు. నేను నర్సును అడిగి రేజరు, సబ్బు, గిన్నెలో నీళ్ళు తెచ్చుకున్నాను. మెడ మీది గుడ్డ తడవకుండా గడ్డం కింద తువ్వాలు పెట్టి, మెల్లిగా గీశాను. నాన్న కళ్ళు మూసుకుని చిన్నపిల్లాడిలా మొహం అప్పగించాడు. పూర్తయ్యాక తడిబట్టతో తుడిచాను. ఆ మొహం చాలా ఏళ్ళ తర్వాత చూశాను. రోజూ ఒకే ఇంట్లో ఉంటూ చాలా ఏళ్ళ తర్వాత చూశాను.

నాన్న కళ్ళు తెరిచి మాట్లాడటం మొదలుపెట్టాడు.

నాకు ఒక్క మాట కూడా అర్థం కాలేదు.

ముందు పళ్ళు ఊడిపోయి పెదవులు లోపలికి పోయాయి, ఆయాసం మధ్యలో తెంచేస్తోంది, అదీ నిజమే. కానీ అసలు సంగతి అది కాదు. నేను మర్చిపోయాను. సైకిలు లాంటిదే అనుకున్నాను, ఎక్కితే అదే వస్తుందని. పెదవులు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. అంతే. "మళ్ళీ చెప్పు నాన్నా," అన్నాను. మళ్ళీ చెప్పాడు, ఈసారి ఒక్కో మాటా విడదీసి, తొమ్మిదేళ్ళ పిల్లకు చెప్పినట్టు. కళ్ళు చిట్లించి చూశాను. వంగి చూశాను. మూడోసారి చెప్పాడు.

"ఏమంటున్నారమ్మా మీ నాన్నగారు?" అని నర్సు అడిగింది. ఆయనకు దాహమేమో, నొప్పేమో, మీకే కదా తెలిసేది అన్నట్టు చూసింది.

నేను నాన్న వైపు తిరిగి గట్టిగా తలూపాను. "అలాగే నాన్నా. అర్థమైంది," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి ఎంత అలవాటుగా వచ్చిందో చెప్పలేను. నాన్న నన్ను చూస్తూ ఉండిపోయాడు. టికెట్ లేకుండా ధీమాగా తలూపేవాళ్ళను ఇరవై రెండేళ్ళు చూసిన మనిషి. కనుబొమలు కొంచెం పైకెత్తి చిన్నగా ఏదో అడిగాడు. రెండే రెండు మాటలు. ప్రశ్న అని మాత్రం తెలిసింది.

"సరే నాన్నా," అన్నాను.

అది సరే అని చెప్పాల్సిన ప్రశ్న కాదు. ఆయన మొహం చూస్తే తెలిసింది. కోప్పడలేదు, నాలుగోసారి చెప్పలేదు. పెదవులు మూసుకున్నాడు. సూది గుచ్చిన చేతి వేళ్ళు రెండు మాత్రం చాపి నా చెయ్యి నిమిరాడు, పర్లేదులే అన్నట్టు. దానికన్నా చెంప మీద కొట్టినా బాగుండేది.

ఆ సాయంత్రం ఇంట్లో అట్టపెట్టె చింపి, పెద్ద పెద్ద అక్షరాలు వరసగా రాశాను. వేలితో ఒక్కో అక్షరం చూపిస్తూ పోతే, కావలసినదాని దగ్గర ఆయన కళ్ళు మూస్తే చాలు. ఎంతసేపైనా కూర్చుంటాను, ఎన్ని రోజులైనా కూర్చుంటాను అనుకున్నాను. పొద్దున్నే పట్టుకుని వెళ్ళేసరికి నాన్నకు స్పృహ లేదు. మర్నాడు పోయాడు.

అన్నీ అయ్యాక అమ్మ నా పక్కన వచ్చి కూర్చుంది. "ఆ రోజు నీతో చాలాసేపు మాట్లాడారట కదే. నర్సమ్మ చెప్పింది. ఏమన్నారు?" అని అడిగింది. "నాకెలాగూ ఆయన మాట సరిగ్గా తెలిసి చావదు. పోనీలే, నువ్వున్నావు."

ఆ కళ్ళలోకి చూస్తూ తెలియదని ఎలా చెప్పను?

"నిన్ను జాగ్రత్తగా చూసుకోమన్నాడమ్మా," అన్నాను. "నువ్వు లేకపోతే తను ఏమైపోయేవాడో అన్నాడు."

అమ్మ మొహం చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళందరికీ ఆ మాటలు చెప్పింది. పాలవాడికి కూడా చెప్పింది.

ఇప్పటికీ వారానికోసారి అడుగుతుంది. "ఏదీ, మళ్ళీ చెప్పవే. ఎలా అన్నారు? నవ్వుతూ అన్నారా?" నేను ఫోను లోపలి గదిలో పెట్టి వచ్చి, అమ్మకు ఎదురుగా కూర్చుని, ఆమె మొహంలోకే చూస్తూ మొదట్నుంచీ చెప్తాను. అమ్మ రెప్ప వెయ్యకుండా నా నోటి వైపే చూస్తుంది. చెప్పిన ప్రతిసారీ నాన్న మాటలు కొంచెం పెరుగుతాయి. ఒక్కోసారి అమ్మ మధ్యలో ఆపి, "అదేంటే, ఈ మాట పోయినసారి చెప్పలేదే," అంటుంది.

మర్చిపోయానమ్మా అంటాను.